ముఖం కొలతలు

ఆ వీధిలో ఎవరి ఫోను మొరాయించినా ముందు పెద్దచదువు దగ్గరికే వచ్చేవారు. అది ఆమె అసలు పేరు కాదు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. అందుకని పెద్దమ్మ ఎగతాళిగా పెట్టిన పేరును వీధంతా మర్యాదగా వాడుకుంటోంది. ఆమె చదివింది వృక్షశాస్త్రం. ఉద్యోగం విత్తనాల పరీక్షా కేంద్రంలో. తడిగుడ్డ మీద విత్తనాలు పరిచి, ఏవి మొలకెత్తాయో ఏవి మొండికేశాయో చూడటం ఆమె పని. కానీ పట్టా అంటూ చేతికి వచ్చాక అందులో ఫోన్ల సంగతి కూడా కలిసే ఉంటుందని జనం నమ్మకం. "నాకు తెలీదండీ" అంటే, "అంత చదివి తెలీదంటే ఎలాగమ్మా" అని నొచ్చుకునేవారు. వాళ్ళను నొప్పించడం ఇష్టంలేక, మధ్యాహ్నం అన్నం తింటూ చదివి నేర్చుకుని, సాయంత్రానికి ముందునుంచీ తెలిసినట్టే చెప్పేది.

అలా నేర్చుకున్నకొద్దీ ఆ వస్తువంటే ఆమెకు అబ్బురం పెరిగింది తప్ప తగ్గలేదు. విత్తనం మొలకెత్తాలంటే నీళ్ళు కావాలి, గాలి కావాలి, కాస్త వెచ్చదనం కావాలి. ఈ అద్దంముక్కకు గోడలో రెండు కన్నాలు చాలు. మబ్బు కనిపించకముందే వాన కబురు చెబుతుంది. మనం మర్చిపోయిన దారి చెబుతుంది. ఒక్కోసారి మనం వెళ్ళదలచుకోని దారి కూడా చెబుతుంది. నాన్న అయితే కిటికీలోంచి ఆకాశం చూడటం మానేశాడు. అమ్మ కుట్టుషాపులోనే ఓ మూల బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తాడాయన. "ఫోన్లో వాన పడుతోంది" అంటూ ఆరేసిన బట్టలన్నీ గబగబా లోపలికి తెచ్చేవాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తూ ఉండేది. "దాని మాట తీసెయ్యకూడదు, అది పైనుంచి చూస్తుంది" అనేవాడు.

అమ్మకు కొత్త ఫోను కొనిపెట్టింది పెద్దచదువే. ముఖం చూపిస్తే తెరుచుకునే రకం. మొదటిసారి ముఖం పెట్టించిన రోజు అమ్మ దువ్వెన తెచ్చుకుంది. జుట్టు ఓ పక్క చెవి వెనక్కి దోపుకుంది. మెళ్ళో వేలాడుతున్న కొలతల టేపును సరిచేసుకుంది. అది లేకపోతే తను కానట్టు ఉంటుందట. తర్వాత పెద్దింటి ఖాతాదారు గుమ్మంలోకి వచ్చినప్పటిలా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు ఫోను తీసినా అంతే. ముందు జుట్టు దోపుకోవడం, తర్వాత ఓ నవ్వు, ఆనక "నేనేనమ్మా" అని ఓ మాట.

"మాట అక్కర్లేదమ్మా. చూస్తే చాలు, తెరుచుకుంటుంది."

"తలుపు తీసిన మనిషితో ఓ మాట అనకుండా లోపలికి ఎలా పోతాం?"

నాలుగు రోజులు అలా గడిచాక ఓ సాయంత్రం అమ్మ మిషను తొక్కుతూ అడిగింది. "ఇంతకీ ఇది నన్నెలా గుర్తుపడుతోందే?"

"నీ కళ్ళ మధ్య దూరమెంత, ముక్కు ఎంత పొడవు, గడ్డం ఎక్కడ మలుపు తిరిగింది, అన్నీ చూసి గుర్తుపెట్టుకుంటుంది."

మిషను ఆగింది. "అంటే కొలతలు తీసుకుంది."

"ఒకరకంగా అంతే."

"టేపు పెట్టకుండా."

"అవును, టేపు పెట్టకుండా."

అమ్మ మిషను మీదున్న ఫోనును తీసి బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. తోటి దర్జీని చూసినట్టు దాన్ని కాసేపు చూసింది. "ఎవరికీ చెప్పదు కదా?"

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పకపోవడం ఆ షాపులో అన్నిటికంటే పెద్ద నియమం. ఎవరి నడుము పెరిగింది, ఎవరి భుజం ఓ పక్కకు ఒరిగింది, ఎవరు ఊపిరి బిగబట్టి కొలత తప్పించాలని చూశారు, అన్నీ దర్జీకి తెలుస్తాయి. తెలిసినవన్నీ కడుపులో పెట్టుకోవాలి. భర్త వచ్చి భార్య కొలతలు అడిగినా అమ్మ చెప్పేది కాదు. "ఆమెనే పంపండి" అనేది. ఇంకో దర్జీకి చెప్పడమైతే ఊహకు కూడా అందని మాట. ఒకే షాపులో కలిసి పనిచేసే వాళ్ళే కొలతలు పంచుకుంటారు. కొలతలు పంచుకున్నారంటే వాళ్ళిద్దరూ ఒకటే అని అర్థం.

ఒకప్పుడు అలా పంచుకున్న మనిషి ఎదురు షాపులో ఉంది. పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క. పెళ్ళిళ్ళకు ముందునుంచీ ఇద్దరూ ఒకే షాపు నడిపారు. అక్క కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. ఇద్దరి ఒడ్డూ పొడవూ ఒకటే కావడంతో అమ్మ తనకోసం కుట్టుకున్న బట్టలు కూడా పెద్దమ్మకు తొడిగే సరిచూసుకునేది. అద్దం కంటే అక్క నయం, వెనక్కి తిరగమంటే తిరుగుతుంది అనేది. ఆరేళ్ళ కిందట ఓ రోజు అమ్మ, "ఈ కోటు నేను కత్తిరిస్తానక్కా" అంది. పెద్దమ్మ నవ్వి, "నీ చెయ్యి కుట్టుకేనే, కత్తెరకు కాదు" అంది. అంతే. ఆ నెల తిరిగేసరికి వీధికి ఆ పక్క ఒక బోర్డు, ఈ పక్క ఒక బోర్డు వెలిశాయి. అప్పట్నుంచీ మాటల్లేవు. చెప్పాల్సినవి గాలికి చెప్పేవారు. "కొందరికి గుమ్మం ముందు చిమ్ముకోవడం కూడా రాదు" అని ఒకరు గాలితో అంటే, "కొందరికి చిమ్మడం తప్ప ఏమీ రాదు" అని ఇంకొకరు అదే గాలికి జవాబు చెప్పేవారు. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తుతూ వదినగారికి తలూపేవాడు. అది మెడనొప్పికి వ్యాయామం అని ఇంట్లో చెప్పుకున్నాడు.

"మా అక్కకీ నాకూ పోలికే లేదు" అన్నది ఈ ఆరేళ్ళూ అమ్మ అడక్కపోయినా చెప్పే మాట.

సరే, ఫోను. కొలతలు కాగితాల మీద రాసుకోవడం మానిపించి, ఫోన్లో మాటగా చెప్పి దాచుకోవడం నేర్పింది పెద్దచదువు. టేపు పట్టుకున్న చేతులు ఖాళీ ఉండవు కదా. అమ్మకు అది బాగా నచ్చింది. అదే ఊపులో పెద్దచదువు ఇంకో మాట చెప్పింది. "ఫోను పోయినా ఇవి పోకుండా ఇంటర్నెట్‌లో ఓ కాపీ పెడదామమ్మా. క్లౌడు అంటారు. మబ్బు అన్నమాట."

"జనం కొలతలు తీసుకెళ్ళి మబ్బులో పెడతావా? వానొస్తే?"

"నిజం మబ్బు కాదమ్మా. ఎక్కడో దూరంగా ఉన్న పెద్ద యంత్రం."

"ఇంకా నయం. ఎవరిదో కూడా తెలీదు" అని అమ్మ తేల్చేసింది. పెద్దచదువు వదిలేసింది. వదిలెయ్యకుండా ఉండాల్సింది.

రెండో పొరపాటు రహస్య నంబరు దగ్గర జరిగింది. ముఖం పనిచెయ్యనప్పుడు నొక్కాల్సిన అంకెలు. ఈ విషయంలో పెద్దచదువు శ్రద్ధగా ఓ పాఠమే చెప్పింది. పుట్టినరోజు పెట్టకూడదు, ఇంటి నంబరు పెట్టకూడదు, ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు. "నీకు కూడానా?" అంది అమ్మ. "నాకు కూడా." చెప్పిన మాట జవదాటని శిష్యురాలు అమ్మ. కూతురు పెట్టిచ్చిన నంబరు తీసేసి, లోకంలో ఎవరూ ఊహించలేని నంబరు ఒకటి పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. రోజూ ముఖంతోనే తీస్తోంది కనుక ఆ నంబరు అవసరం పడలేదు. అవసరం పడకపోయేసరికి అది మెల్లగా అమ్మ తలలోంచి కూడా దిగి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా అమ్మకు ఓ పెద్ద పని వచ్చింది. ఊళ్ళో పేరున్న ఓ పాటల బృందానికి డజను కోట్లు. కొత్త వేదిక మీద ఆదివారం సాయంత్రం వాళ్ళ ప్రదర్శన. ఇన్నాళ్ళూ వాళ్ళకు కుట్టింది పెద్దమ్మే. ఈసారి బృందం పెద్ద ఎందుకో వీధి దాటి ఈ పక్కకు వచ్చాడు. అమ్మ ఒక్కొక్కరినీ నిలబెట్టి, "కదలకుండా నిలబడండి" అని కొలతలు తీసి ఫోనుకు చెప్పింది. వాళ్ళు అటునుంచి అటే ఊళ్ళు తిరగడానికి వెళ్ళారు. ఆదివారం పొద్దున్నే రైలు దిగుతారు, కోట్లు తొడుక్కుని వేదిక ఎక్కుతారు. తన కత్తెరతో, తన సొంత కత్తిరింపుతో, ఎదురుషాపు కళ్ళ ముందు చేస్తున్న మొదటి పెద్ద పని అది. అది బెడిసికొడితే "నీ చెయ్యి కత్తెరకు కాదు" అన్న మాటను తనే నిజం చేసినట్టు అవుతుంది. ఈ సంగతి అమ్మ పైకి అనలేదు. గుడ్డ వచ్చేదాకా కత్తెరకు రోజూ సానపెట్టింది.

గుడ్డ గురువారం పొద్దున వచ్చింది. పంటినొప్పి కూడా దాని వెనకే వచ్చింది.

మధ్యాహ్నానికి అమ్మ కుడి చెంప లేచింది. పళ్ళ డాక్టరు లోపలి పన్ను తీసేసి, దూది కుక్కి, నోరు తెరవొద్దన్నాడు. శుక్రవారం పెద్దచదువు సెలవు పెట్టి షాపులో కూర్చుంది. అమ్మ గుడ్డ పరిచింది. సుద్దముక్క తీసింది. కొలతల కోసం ఫోను ఎత్తి, జుట్టు చెవి వెనక్కి దోపుకుని, నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. ఫోను ఓసారి వణికింది. తెరుచుకోలేదు.

ఇంకోసారి చూపించింది. మళ్ళీ వణికింది.

అమ్మ ఈసారి కాస్త దగ్గరగా వెళ్ళి, దూది నోటితోనే "వేవేవవ్వా" అంది. "నేనేనమ్మా" అని. మర్యాదకు లోటు చెయ్యలేదు కానీ ఫోను కరగలేదు. నంబరు నొక్కమంది. అమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపుతోనే పెద్దచదువుకు సంగతి అర్థమైంది.

"మర్చిపోయావా?"

అమ్మ తలూపింది.

"నా పుట్టినరోజు కాదు కదా?"

అమ్మకు కోపం వచ్చింది. సుద్దముక్కతో బల్ల మీద రాసింది. "నువ్వే వద్దన్నావు."

వీధి చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడి షాపు ఉంది. ఆ షాపతన్ని అందరూ డాక్టరనే పిలుస్తారు. ముందురోజు పళ్ళ డాక్టరు, ఈ రోజు ఫోన్ల డాక్టరు. ఇద్దరూ నోరు తెరిపించడానికి ఉన్నవాళ్ళే అనుకుంటూ పెద్దచదువు ఫోను పట్టుకుని పరుగెత్తింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తుడిచేస్తే తెరుచుకుంటుంది."

"తుడిస్తే లోపలివి ఉంటాయా?"

"తుడవడమంటేనే అది కదండీ." అతను సానుభూతిగా తల పక్కకు వాల్చాడు. "ఇంకో సంగతి. ఇప్పటికే చాలాసార్లు ముఖం తప్పయింది. ఇంకొక్కసారి తప్పయితే ఇక ముఖం అడగడం మానేస్తుంది, నంబరే కావాలంటుంది. ఆపేసి వెలిగించినా అంతే. ఒక్క అవకాశం ఉంది. అమ్మగారి వాపు తగ్గాక చూపించండి."

"వాపు సోమవారానికి గానీ తగ్గదన్నారు."

"అయితే సోమవారం."

"కోట్లు ఆదివారం."

అతను ఆలోచించాడు. "ఇది మరీ ఖరీదైన ఫోను కాదు. కళ్ళు కాస్త మసక. నా ఫోను ఇలాంటిదే, మా తమ్ముడి ముఖానికి కూడా తెరుచుకుంటుంది. వాడు నాకంటే బాగుంటాడు, అదొక్కటే బాధ." పెద్దచదువును పరకాయించి చూశాడు. "మీది నాన్నగారి పోలిక. పనికిరాదు."

ఆమె ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని, చూపు పొరపాటున కూడా దాని మీద పడకుండా, అద్దం గుండెకు ఆనించుకుని వెనక్కి నడిచింది. వీధి మధ్యలో కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఎడమ పక్క అమ్మ షాపు. కుడి పక్క పెద్దమ్మ షాపు. అమ్మ తన బట్టలు ఎవరికి తొడిగి సరిచూసుకునేదో ఆమెకు గుర్తొచ్చింది. అమ్మను అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. నోరు లేనప్పుడు అడగకపోవడమే మంచిదనుకుని కుడి పక్కకు తిరిగింది.

పెద్దమ్మ కాజాలు కుడుతోంది. తలెత్తకుండానే అంది. "ఏమే పెద్దచదువూ, దారి తప్పావా?"

"పెద్దమ్మా, నీ ముఖం కావాలి."

"నా ముఖమా? ఎందుకే, పిట్టల్ని తోలడానికా?"

పెద్దచదువు మొత్తం చెప్పింది. పెద్దమ్మ సూది ఆపకుండా విన్నది. ఆవిడ దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. అది కూడా పెట్టెలో ఉంటుంది, మోగితే పెట్టె మూత తీస్తుంది. "నా కొలతలు నా తలలో ఉంటాయి. దానికి చార్జింగు అక్కర్లేదు. కొలతలన్నీ ఆ డబ్బాకే చెప్పుకుందిగా మీ అమ్మ. డబ్బానే అడగమను."

"అడిగింది. డబ్బా గుర్తుపట్టలేదు."

సూది ఆగింది. "సొంత మనిషినే?"

"చెంప అంత వాచింది. చూస్తే నువ్వు కూడా గుర్తుపట్టలేవు."

"నేను గుర్తుపట్టలేనా?" పెద్దమ్మ లేచి నిలబడింది. "వెనకనుంచి నీడ చూసి చెబుతానే అది ఎవరో. నాకు చెబుతోంది డబ్బా గురించి." కళ్ళజోడు సరిచేసుకుంది, దువ్వెన తీసి మళ్ళీ లోపల పెట్టేసింది. "వస్తాను. కానీ మాట్లాడను, ముందే చెబుతున్నా."

"అమ్మ కూడా మాట్లాడదు. నోట్లో దూది ఉంది."

"ఆరేళ్ళకు ఒక మంచి పని చేశాడు డాక్టరు."

ఇద్దరూ వీధి దాటారు. వదినగారు తన గుమ్మం తొక్కడం చూసిన నాన్న చేతిలోని ఇస్త్రీపెట్టె సంగతి మర్చిపోయాడు. "రండి వదినగారూ" అనేలోపు తన జేబురుమాలు కమురు వాసన కొట్టింది. స్టూలు మీద గడ్డానికి గుడ్డ కట్టుకుని కూర్చున్న అమ్మ తల తిప్పి చూసింది. లేవబోయింది. లేవాలో కూర్చోవాలో తెలియక మధ్యలో ఆగిపోయింది.

పెద్దమ్మ ఆమె ముందు నిలబడి కాసేపు చూసింది. "ఒక చెంప నీది. రెండోది ఎవరిదే?" అంది. మాట్లాడనన్న ఒట్టు అక్కడితో సరి.

పెద్దచదువు తల్లికి గబగబా చెప్పింది. ఒక్క అవకాశమే ఉందని, పెద్దమ్మ ముఖంతో ప్రయత్నిద్దామని. తెరుచుకోకపోతే కొలతలు పోయినట్టే, కోట్లు పోయినట్టే. అమ్మ పరిచిన గుడ్డ వైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది. పోలికే లేదన్న మాట ఎన్నిసార్లు అన్నదో లెక్క చూసుకుంటున్నట్టు ఓ క్షణం కదలకుండా ఉండి, చివరికి తలూపింది.

పెద్దచదువు ఫోను ఎత్తబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అలా కాదన్నట్టు లేచి, తన చేత్తోనే పెద్దమ్మ కళ్ళజోడు తీసింది. ఓ పక్క జుట్టును వేళ్ళతో దువ్వి చెవి వెనక్కి దోపింది. నెరిసిన పోగొకటి మాట వినకపోతే తడి చేసి అణిచింది. గడ్డం కింద వేలుపెట్టి ముఖం కాస్త పైకెత్తింది. రెండడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసింది. ఏదో తక్కువైంది. తన మెళ్ళోంచి టేపు తీసి అక్క మెళ్ళో వేసింది. కోటు తొడిగి సరిచూసే చేతులే అవి. ఇన్నాళ్ళకు మళ్ళీ అక్క భుజాల మీదికి వచ్చాయి. పెద్దమ్మ కదలకుండా నిలబడింది.

అమ్మ తన పెదవుల వైపు చూపించి, చేత్తో గాల్లో ఓ వంపు గీసింది.

"ఏంటి? పళ్ళు కూడా చూస్తుందా అది?"

"నవ్వాలి పెద్దమ్మా. అమ్మ నవ్వుతూ ముఖం పెట్టింది."

"నవ్వమంటే నవ్వు వస్తుందా? మీ చదువులో అది కూడా చెప్పారా?"

అయినా ప్రయత్నించింది. ఫోటో స్టూడియోలో బెదిరించి రప్పించిన నవ్వులా వచ్చింది. అమ్మ అడ్డంగా తలూపింది. ఇంకోటి వచ్చింది. అది మరీ ఘోరం. నాన్న పక్కకు తిరిగిపోయాడు. ఎలా నవ్వాలో చూపిద్దామని అమ్మే నవ్వబోయింది. మంచి చెంప పైకి లేచింది, వాచిన చెంప ఉన్నచోటే కూర్చుంది, ముఖం మొత్తం ఓ మూలకు జారిపోయింది. ఆ జారుడుకు దూది ఉండ బయటికి తొంగి చూసింది. దాన్ని లోపలికి తోసుకుంటూ అమ్మ ఇంకా పట్టుదలగా ఆ సగం నవ్వునే నవ్వుతోంది.

పెద్దమ్మకు ఆగలేదు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాల్లోంచి, ఆ తర్వాత ముఖమంతా విచ్చుకుని వచ్చింది. చెల్లెల్ని వెక్కిరించే నవ్వు కాదది. గుమ్మంలోకి కావలసిన మనిషి వచ్చినప్పుడు అమ్మ నవ్వే నవ్వు. ఇద్దరికీ ఎక్కడో ఒకేచోట నుంచి వచ్చిన నవ్వు. పెద్దచదువు గబుక్కున ఫోను ఎత్తి పెద్దమ్మ ముఖం ముందు పెట్టింది.

చిన్న చప్పుడు. తెర మీది తాళం బొమ్మ విడిపోయింది. తెరుచుకుంది.

 ఇస్త్రీపెట్టె ఆవిరి వదులుతోంది. వారమంతా విత్తనాల మీద కళ్ళు పెట్టుకుని, మొలక ఎప్పుడు పొట్టు చీల్చుకుని వస్తుందో చూసే పెద్దచదువుకు ఆ చప్పుడు అచ్చం పొట్టు చీలినట్టే వినిపించింది. వీధికి ఆ పక్కా ఈ పక్కా నిలబడి ఆరేళ్ళుగా వీళ్ళు వేరు వేరని రుజువు చేసుకుంటున్నారు. ఆ సంగతి ఈ అద్దంముక్కకు ఎవరూ చెప్పలేదు. అది కళ్ళ మధ్య దూరం చూసింది, ముక్కు పొడవు చూసింది, నవ్వు చూసింది. మీరే కదా, రండి అంది.

"తెరుచుకుంది" అంది పెద్దమ్మ, నమ్మలేనట్టు. "నన్ను చూసి." కళ్ళజోడు పెట్టుకుని ఫోనును మరోసారి చూసింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.  "నా ముఖం ఇందులో ఎప్పుడు పెట్టావే?"

పెద్దచదువు శ్రద్ధగా నోరు తెరిచింది. "అది కాదు పెద్దమ్మా, ఒకే రక్తం కాబట్టి ఫోను కొలతల్లో..."

బల్ల కింద అమ్మ పాదం వచ్చి ఆమె పాదం మీద పడింది. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన పాదం. ఎంత బరువు వెయ్యాలో, ఎక్కడ ఆపాలో దానికి బాగా తెలుసు. నాన్న కూడా అటునుంచి చిన్నగా దగ్గాడు. పెద్దచదువు నోరు మూసుకుంది. ఇన్నాళ్ళూ తెలియనివి తెలిసినట్టు చెప్పుకొచ్చిన మనిషికి తెలిసింది చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది.

"విడిపోయాక పెట్టావా?" పెద్దమ్మ మళ్ళీ అడిగింది.

అమ్మ కళ్ళు దించుకుని, మెల్లగా తలూపింది.

పెద్దమ్మ మెళ్ళోని టేపు చివరలు సమానంగా సర్దుకుంది. కాసేపటికి, "సరే, నేను వెళ్తా. మీ కొలతలు మీరు వినండి" అని కదిలింది. ఇంకొకరి షాపు కొలతలు వినకూడదని ఆవిడకు వేరే చెప్పాలా. అమ్మ ఆవిడ జాకెట్టు చేతి అంచు పట్టుకుంది. పట్టుకునే, రెండో చేత్తో ఫోన్లో మీట నొక్కింది.

గదిలోకి అమ్మ గొంతు వచ్చింది. దూది లేని, వాపు లేని, గలగలలాడే గొంతు. "మొదటి ఆయన, బొంగురు గొంతాయన. ఎడమ భుజం కాస్త కిందికి ఉంది. కుడివైపు కొలతే తీసుకుని ఎడమ పక్క లోపల పట్టీ వెయ్యాలి. ఆయనతో అనకూడదు, పాపం నొచ్చుకుంటాడు."

పెద్దమ్మ కదలకుండా వింది. "ఆ ఎడమ భుజం నేను ఇన్నేళ్ళూ చూడనేలేదే" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

మొదటి కొలతలు విన్నాక అలవాటు కొద్దీ పెద్దమ్మ చెయ్యి కత్తెర మీదికి వెళ్ళింది. కత్తెర ఎత్తింది. ఎత్తాక గుర్తొచ్చింది. అక్కడే ఓ క్షణం ఆగి, దాన్ని తిప్పి పిడి చెల్లెలి వైపు పెట్టింది.

"నువ్వే కొయ్యి. వాచింది మూతి కదా, చెయ్యి కాదుగా. నేను కుడతా."

ఆ రోజూ మర్నాడూ ఎదురుషాపు షట్టరు దించే ఉంది. ఈ షాపులో రెండు మిషన్లు ఒకదానితో ఒకటి పోటీపడి మోగాయి. నోరు లేని మనిషితో దెబ్బలాట ఎంత సుఖమో పెద్దమ్మకు తెలిసొచ్చింది. అమ్మ సుద్దముక్కతో బల్ల మీద జవాబులు రాసేది. అవి చదివేలోపే పెద్దమ్మ చేత్తో తుడిచేసి "కనిపించలేదు" అనేది. ఆదివారం సాయంత్రం అందరూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. బొంగురు గొంతాయన రెండు భుజాలూ సమానంగా నిలబెట్టి పాడాడు. అద్దం చూసుకున్నాడో ఏమో, మామూలు కంటే కాస్త ఎత్తుగా పాడాడని పెద్దచదువుకు అనిపించింది.

"మూడో ఆయన వీపు దగ్గర మడత పడిందే" అని గుసగుసగా అంది పెద్దమ్మ.

అమ్మకు అప్పటికి కాస్త నోరు వచ్చింది. "కోటుది కాదు, ఆయనదే" అంది.

వారం తర్వాత అమ్మ ముఖం అమ్మ ముఖంలా అయ్యింది. నంబరు మాత్రం ఎప్పటికీ గుర్తు రాలేదు. పెద్దచదువు కొలతలన్నీ ముందు తన ఫోన్లోకి ఎక్కించుకుంది, వినకుండా. ఆ తర్వాత డాక్టరు దగ్గర ఫోను తుడిపించి తెచ్చింది. షాపులో కూర్చుని మళ్ళీ మొదట్నుంచి అమ్మ ముఖం పెట్టించింది. జుట్టు, టేపు, నవ్వు, అన్నీ అయ్యాయి. పని అయిపోయిందనుకుంటే తెర మీద ఇంకో మాట వచ్చింది. అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "రెండో ముఖం చేర్చాలా?"

"అది అక్కర్లేదమ్మా. వద్దని నొక్కేయ్."

అమ్మ నొక్కలేదు. ఫోను పట్టుకుని లేచింది. వీధిలో అటూ ఇటూ చూసి దాటింది. పెద్దచదువు వెనకే వెళ్ళింది.

"అక్కా, తుడిచేసరికి అందులో ఉన్నవన్నీ పోయాయి" అంది అమ్మ గుమ్మంలో నిలబడి. "నీ ముఖం మళ్ళీ పెట్టాలి."

"మళ్ళీనా? ఇదేం మతిమరుపు డబ్బానే" అని విసుక్కుంటూనే పెద్దమ్మ కళ్ళజోడు తీసింది. జుట్టు తనే చెవి వెనక్కి దోపుకుంది. మెళ్ళో టేపు ఉందో లేదో తడిమి చూసుకుంది. "ఈసారి కూడా నవ్వాలా?"

"నవ్వితే మంచిది పెద్దమ్మా" అంది పెద్దచదువు.

అమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది. తెర మీద ఓ గుండ్రటి గీత పెద్దమ్మ ముఖం చుట్టూ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. కింద చిన్న అక్షరాలు వెలిగాయి. కదలకుండా నిలబడండి.

ఊరందరికీ జీవితమంతా ఆ మాట చెప్పిన మనిషి, ఊపిరి కూడా బిగబట్టి, నవ్వుతూ కదలకుండా నిలబడింది.